ఆర్మీ లింగ్విస్టు జీతం, కాంట్రాక్టు లింగ్విస్టు జీతం: కాగితం మీద ఎంత, చేతికి ఎంత

అడిగింది క్లుప్తంగా: తమ్ముడికి 24 ఏళ్లు, డాలస్‌లో గ్రీన్ కార్డు మీద ఉన్నాడు, డిగ్రీ అయింది, పెళ్లి కాలేదు. హైదరాబాద్‌లో పెరిగాడు కాబట్టి తెలుగుతో పాటు హిందీ, ఉర్దూ గడగడా మాట్లాడతాడు. గల్ఫ్ ప్రాంతంలో అమెరికా సైన్యానికి లింగ్విస్టులు (దుబాసీలు, అనువాదకులు) కావాలని ఒక కాంట్రాక్టు కంపెనీ ప్రకటన వేసింది, ఏడాదికి 93,500 డాలర్లట. ఆర్మీ రిక్రూటర్ చెప్పిన మూలవేతనం అందులో సగం కూడా లేదు. ఒకే పనికి ఇంత తేడా ఏమిటి, ఎటు వెళ్లమంటారు?

ఒక్క ఏడాది డబ్బులే లెక్కేస్తే కాంట్రాక్టుదే పైచేయి. పెళ్లికాని కుర్రాడికైతే ఆ తేడా ఇంకా పెద్దది. అయితే ఆ ప్రకటన మీ తమ్ముడి కోసం వేసింది కాదు. ఇవాళ అతని దగ్గరున్న కాగితాలతో ఆ ఉద్యోగంలో చేరనివ్వరు. వాళ్లు అడిగే కాగితాలు సంపాదించే దారుల్లో ఆర్మీ ఒకటి. కాబట్టి ఇక్కడ తేల్చుకోవాల్సింది ఏది ముందు, ఏది తర్వాత అన్నది.

కాంట్రాక్టు లింగ్విస్టుల్లో మూడు కేటగిరీలు ఉంటాయి. మొదటి కేటగిరీకి సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఉండదు, ఎక్కువమంది ఆ దేశంలోని స్థానికులే. రెండో కేటగిరీ అంటే అమెరికా పౌరసత్వం, సీక్రెట్ స్థాయి క్లియరెన్స్. మూడోదానికి టాప్ సీక్రెట్, పైన ఎస్‌సీఐ, అంటే మరింత కట్టుదిట్టమైన నిఘా సమాచారానికి విడిగా ఇచ్చే అనుమతి. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలు జోరుగా సాగిన రోజుల్లో ఒకే దళంతో తిరిగే స్థానిక దుబాసీకి నెలకు కొన్ని వందల డాలర్లు వస్తే, పక్కనే నడిచే కేటగిరీ 2 దుబాసీకి ఏడాదికి లక్షన్నర పైచిలుకు వచ్చేది. భాష మాత్రం తరచూ స్థానికుడికే బాగా వచ్చేది. అంటే కంపెనీ డబ్బు పెడుతున్నది భాషకు కాదు, క్లియరెన్స్‌కు. ఇది పట్టుకుంటే మిగతా లెక్కలన్నీ అర్థమవుతాయి. గ్రీన్ కార్డు మీద ఉన్నవాడికి మామూలు క్లియరెన్స్ ఇవ్వరు, పౌరసత్వం ఉండాల్సిందే.

ఆర్మీలోనూ అన్ని భాషా ఉద్యోగాలూ అతనికి తెరిచి లేవు. రేడియో సంభాషణలు విని విశ్లేషించే 35పీకి పౌరసత్వం, టాప్ సీక్రెట్ రెండూ కావాలి. గ్రీన్ కార్డుతో చేరగలిగింది 09ఎల్, అంటే ఇంటర్‌ప్రెటర్–ట్రాన్స్‌లేటర్. మాతృభాషగా మాట్లాడేవాళ్లను తీసుకోవడానికి 2003లో అరబిక్, దరీ, పష్తో లాంటి భాషలతో మొదలుపెట్టిన విభాగం అది. ఇందులో కాలిఫోర్నియాలోని మాంటెరీకి పంపి భాష నేర్పించడం ఉండదు, వచ్చిన భాషకే పరీక్ష పెడతారు. ఇంగ్లిష్ అంతంతమాత్రమైతే ముందు శాన్ ఆంటోనియోలోని లాక్‌లాండ్‌లో ఇంగ్లిష్ కోర్సుకు పంపుతారు. ఏ భాషలకు ఖాళీలున్నాయన్న జాబితా మారుతూ ఉంటుంది, కాబట్టి రిక్రూటర్‌ను తాజా జాబితా తెరిచి చూపించమనండి. "ఉర్దూ వచ్చా? అయితే అయిపోయినట్టే" అన్న నోటిమాట మీద కదలొద్దు.

ఇక సైనికుడి జీతం. డిగ్రీ ఉన్నవాణ్ని ఆర్మీ ఈ-4 హోదాలో, అంటే స్పెషలిస్ట్‌గా తీసుకుంటుంది. 2025 ఏప్రిల్‌లో కింది హోదాలకు ప్రత్యేకంగా పెంచిన తర్వాత, రెండేళ్ల సర్వీసు లోపు ఈ-4 మూలవేతనం ఆ ఏడాది నెలకు దాదాపు 3,027 డాలర్లు ఉండేది. 2025లో భోజన భత్యం 465.77. ఇంటి భత్యం పోస్టింగ్ ఊరి పిన్ కోడ్ బట్టి, హోదా బట్టి, భార్యాపిల్లలు ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. దీనికి పైన భాషా బోనస్. ఒక్క భాషకు నెలకు 500 మించదు, ఎన్ని భాషలు వచ్చినా మొత్తం 1,000 దాటదు.

రిక్రూటర్లు వేసి చూపించే "మొత్తం పారితోషికం" పట్టికలో పెళ్లికానివాళ్లు మోసపోయేది ఇంటి భత్యం దగ్గరే. పెళ్లికాని ఈ-4ను సాధారణంగా బ్యారక్స్‌లో ఉంచుతారు. గది ఉచితం, కానీ ఇంటి భత్యం నగదుగా చేతికి రాదు. క్యాంటీన్‌లో తినేవాడికి భోజన భత్యం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో కోసేస్తారు. అంటే అమెరికాలో ఉండగా మీ తమ్ముడికి నగదుగా వచ్చేది మూలవేతనం, భాషా బోనస్, అంతే. బోనస్ 300 అనుకుంటే నెలకు 3,327, ఏడాదికి 40 వేలకు కాస్త తక్కువ. అద్దె, తిండి, వైద్యం ఖర్చు లేదు కదా, ఈ జీతంలో చాలా భాగం మిగులుతుంది. డాలస్‌లో 60 వేల జీతగాడికి నెలాఖరున మిగిలేదానికి ఇది పెద్దగా తీసిపోదు. పెళ్లయి, ఇంటి భత్యం 2,000 వచ్చే ఊళ్లో ఉంటే లెక్క మారుతుంది: 3,027, 466, 2,000, 300 కలిపి నెలకు 5,793, ఏడాదికి 69,500 పైన. ఇందులో రెండు భత్యాల మీదా పన్ను లేదు.

భాషా బోనస్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

బోనస్ ఇచ్చేది డీఎల్‌పీటీ అనే పరీక్ష స్కోరు మీద. కంప్యూటర్ మీద వినికిడి ఒక పరీక్ష, చదువు ఒక పరీక్ష. స్కోర్లు 0 నుంచి మొదలై 1, 1+, 2, 2+, 3 ఇలా పెరుగుతాయి. సాధారణంగా రెండింటిలో తక్కువ స్కోరే జీతాన్ని నిర్ణయిస్తుంది. 2/2 (వినికిడిలో 2, చదువులో 2) దగ్గర చేతికొచ్చేది ఆ 500లో చిన్న ముక్క, 3/3 దాకా వెళ్తేనే బాగా పెరుగుతుంది. 2 అంటే వార్తల్లో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశారో పట్టుకోవడం. 3 అంటే సంపాదకీయం చదివి రచయిత ఎవరిని ఎత్తిపొడుస్తున్నాడో, పైకి అనకుండా ఏం అంటున్నాడో చెప్పగలగడం. ప్రశ్నలూ జవాబులూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, కాబట్టి ఇంగ్లిష్‌లో నిదానంగా చదివేవాడు వచ్చిన భాషలోనూ మార్కులు పోగొట్టుకుంటాడు.

హైదరాబాదీ ఉర్దూ సంగతి చూద్దాం. "నక్కో", "హౌ", "కైకు" అంటూ చార్మినార్ దగ్గర ఎంత సాఫీగా బేరమాడినా పరీక్షలో వినిపించేది రేడియో, టీవీ వార్తల ప్రామాణిక ఉర్దూ. పైగా చదువు పరీక్ష నస్తాలీఖ్‌లో, అంటే ఉర్దూ రాసే అరబ్బీ తరహా లిపిలో ఉంటుంది. తెలుగు మీడియంలోనో ఇంగ్లిష్ మీడియంలోనో చదివినవాళ్లలో చాలామందికి ఉర్దూ నోటికి వచ్చు, చేతికి రాదు. లిపి రాకపోతే చదువు స్కోరు సున్నా దగ్గరే ఆగుతుంది, వినికిడిలో 2+ వచ్చినా బోనస్ రాదు. లిపి పట్టుబడటానికి రోజూ గంట చొప్పున రెండు మూడు నెలలు, వార్తాపత్రిక చదివే వేగం రావడానికి ఇంకో ఆరు నెలలు పెట్టుకోవాలి.

హిందీ అయితే దేవనాగరి స్కూల్లోనే వచ్చేసింది కాబట్టి మీ తమ్ముడికి అదే దగ్గరి దారి. అందులోనూ తెలుగువాళ్ల కోసమే పెట్టినట్టుండే గుంటలు కొన్ని ఉన్నాయి. "రక్షా ఉద్యోగ్" వినగానే మన చెవికి రక్షణ శాఖ ఉద్యోగాలు అనిపిస్తుంది, హిందీలో అది రక్షణ పరిశ్రమ. "శిక్షా నీతి" విద్యా విధానం, శిక్షలతో సంబంధం లేదు. "అనుమానిత్ లాగత్" అంచనా వ్యయం, అక్కడ ఎవరూ ఎవరినీ అనుమానించడం లేదు. "ఉపన్యాస్" నవల, "సంసార్" ప్రపంచం, "చేష్టా" ప్రయత్నం. మామూలు మాటల్లో ఇవి పెద్ద ఇబ్బంది పెట్టవు. 2+ దాటాక మాత్రం ప్రశ్న సరిగ్గా ఈ మాట మీదే నిలబడుతుంది, మన తెలుగు అర్థం పట్టుకుంటే జవాబు తప్పుతుంది. ఇలాంటి వంద మాటల జాబితా రాసుకుని, రోజూ ఒక హిందీ సంపాదకీయం, అరగంట ఆకాశవాణి వార్తలు పెట్టుకోవడం కంటే మంచి తయారీ లేదు. సినిమా హిందీ 2 దాకా తీసుకెళ్తుంది, అక్కడే దింపేస్తుంది.

స్కోరు వచ్చినా బోనస్ దానంతటదే ఖాతాలో పడదు. భాష ఆ ఏడాది చెల్లింపు జాబితాలో ఉండాలి, ఆర్మీలో డీఏ ఫారం 330 నింపి యూనిట్ ద్వారా పంపాలి, ఆర్డర్ వెలువడాలి. సాధారణంగా ఏటా మళ్లీ పరీక్ష రాయాలి. గడువు దాటిన రోజు నుంచి బోనస్ ఆగుతుంది, ఆగిన నెలలవి తర్వాత రాబట్టడం చాలా కష్టం. స్కోరు తగ్గితే వెంటనే మళ్లీ రాయనివ్వరు, మధ్యలో ఆరు నెలల విరామం ఉంటుంది. అందుకే గడువుకు రెండు నెలల ముందే తేదీ తీసుకోవాలి. డిప్లాయ్‌మెంట్‌లో (విదేశీ విధుల్లో) ఉన్నందువల్ల పరీక్ష తప్పిపోయేట్టుంటే బయల్దేరకముందే యూనిట్ భాషా మేనేజర్‌తో లిఖితపూర్వకంగా పొడిగింపు పెట్టించుకోవాలి.

తెలుగు మాటేమిటంటారా? మాంటెరీలో తెలుగు కోర్సు లేదు. తెలుగు వచ్చని సైన్యంలో జీతం పెరుగుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు ఆ 93,500. ఇలాంటి ఆఫర్ దాదాపు ఎప్పుడూ మూడు ముక్కలుగా కట్టి ఉంటుంది. మూలవేతనం 55,000 అనుకోండి. దాని మీద ప్రమాద భత్యం 35 శాతం, కష్టప్రాంత భత్యం 35 శాతం, ఒక్కొక్కటి 19,250. మూడూ కలిపితే సరిగ్గా 93,500. ఆ శాతాలు విదేశాంగ శాఖ ఊరూరికీ ప్రకటించే పట్టికను చూసి పెట్టేవి, 35 అన్నది ఒక్కోదానికి గరిష్ఠం. ఊరు మారితే శాతం మారుతుంది. ఆ దేశం దాటి సెలవు మీద వచ్చిన రోజుల్లో భత్యాలు రెండూ ఆగిపోతాయి, చాలా కంపెనీల్లో ఆ సెలవుకు మూలవేతనం కూడా ఉండదు. బయల్దేరే ముందు వైద్య పరీక్షలు, శిక్షణ జరిగే రోజుల్లో ఇచ్చేది వేరే రేటు, చాలా తక్కువ. కాబట్టి ప్రకటనలోని అంకె ఏడాది పొడవునా అక్కడే కూర్చున్నవాడిది, అదీ శాతాలు తగ్గకపోతేనే.

గంటలు చూడండి. వారానికి 6 రోజులు, రోజుకు 12 గంటలు మామూలు. 50 వారాలకు 3,600 గంటలు. 93,500ను దానితో భాగిస్తే గంటకు 26 డాలర్లు. వారానికి 7 రోజులైతే 4,200 గంటలు, గంటకు 22 చిల్లర. 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలన్న అమెరికా చట్టం విదేశంలో చేసిన పనికి వర్తించదు. ఓవర్‌టైమ్ ఒప్పందంలో రాసి ఉంటేనే వస్తుంది, లేకపోతే లేదు. సైనికుడికీ ఓవర్‌టైమ్ ఉండదనుకోండి, ఆ మాటకొస్తే వాడికి గడియారమే ఉండదు. అమెరికాలో అనువాదకుల, దుబాసీల మధ్యస్థ వార్షిక వేతనం 2023 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో 57,090. పన్ను ముందు గంటకు 27 డాలర్ల పైన, వారానికి 40 గంటల మీద, సాయంత్రం ఇంటికొచ్చి పడుకుంటూ.

పన్ను దగ్గర చాలామంది పొరబడతారు. యుద్ధక్షేత్రంలో ఉన్న కింది హోదా సైనికుడి జీతం మీద ఆదాయపు పన్ను పూర్తిగా మాఫీ. ఈ మాఫీ కాంట్రాక్టు ఉద్యోగికి లేదు, పక్క పక్క మంచాల్లో పడుకున్నా లేదు. కాంట్రాక్టువాడికి దొరికేది విదేశీ ఆదాయం మినహాయింపు, 2025కు 1,30,000 డాలర్ల దాకా. దానికి వరుసగా 12 నెలల్లో 330 పూర్తి రోజులు విదేశాల్లో ఉండాలి. పూర్తి రోజు అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. సముద్రాల మీదుగా ఎగురుతూ అమెరికాకు వచ్చిపోయే రోజులు లెక్కలోకి రావు. అంటే అమెరికాలో గడపడానికి, దారిలో పోవడానికి కలిపి మిగిలేది 35 రోజులే. సెలవులో ఇండియాకు వెళ్తే ఆ రోజులు విదేశంలో ఉన్నట్టే, ఇబ్బంది లేదు. డాలస్ వచ్చి బంధువుల పెళ్లి చూసుకుని, ఇంకో వారం ఉండిపోతే 36వ రోజు దగ్గర కథ మారుతుంది. అమెరికాలో ఇల్లు, కుటుంబం ఉన్నవాళ్లకు ఒకప్పుడు ఈ మినహాయింపు దొరకడమే చిక్కుగా ఉండేది. 2018లో చట్టం మార్చి, యుద్ధక్షేత్రంలో సైన్యానికి సహాయంగా పనిచేసే కాంట్రాక్టు ఉద్యోగులకు ఆ అడ్డు తీసేశారు.

మినహాయింపు తప్పితే ఎంత పోతుంది? ఒంటరివాడికి 93,500 మీద, 2025 లెక్కల్లో 15,750 ప్రామాణిక తగ్గింపు పోను, ఫెడరల్ పన్ను దాదాపు 12,000. మినహాయింపు దొరికినా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ 7.65 శాతం కట్టాల్సిందే, అది 7,150 చిల్లర. టెక్సస్‌లో రాష్ట్ర పన్ను లేదు కాబట్టి ఆ బాధ లేదు. కాలిఫోర్నియా మాత్రం ఈ మినహాయింపును ఒప్పుకోదు. ఇంకో ప్రమాదం: కంపెనీ డబ్ల్యూ-2 ఉద్యోగిగా (జీతగాడిగా) కాకుండా 1099 మీద (స్వతంత్ర కాంట్రాక్టరుగా) తీసుకుంటే 7.65 కాస్తా 15.3 శాతం అవుతుంది, విదేశీ ఆదాయం మినహాయింపు దాన్ని తగ్గించదు.

ఇద్దర్నీ ఇరాక్ లాంటి చోట ఏడాది పెట్టి చూద్దాం. కాంట్రాక్టు ఉద్యోగికి అన్నీ కలిసొస్తే 93,500లో 7,150 పోను 86,350 చేతికి. పెళ్లికాని ఈ-4కు మూలవేతనం 3,027, భోజన భత్యం 466 (అక్కడ కోయరు), భాషా బోనస్ 300, ప్రమాద భత్యం 225, కష్టప్రాంత భత్యం 100 అనుకుంటే నెలకు 4,118, ఏడాదికి 49,400. ఆదాయపు పన్ను సున్నా. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ మూలవేతనం మీదే కోస్తారు, 2,780. చేతికి 46,600. తేడా దాదాపు 40 వేలు. అదే పెళ్లయినవాడైతే ఇంటి భత్యం 2,000 ఆగకుండా వస్తుంది కాబట్టి తేడా 16 వేలకు పడిపోతుంది. దానిలోంచి సైనికుడి కుటుంబానికి ప్రీమియం లేని ట్రైకేర్ వైద్యం, పొదుపు ఖాతాలో మూలవేతనం మీద 5 శాతం దాకా ప్రభుత్వ వాటా, డిప్లాయ్‌మెంట్‌లో 10,000 దాకా 10 శాతం వడ్డీ ఇచ్చే పొదుపు పథకం తీసేస్తే పెళ్లయినవాడికి చెప్పుకోదగ్గ తేడా మిగలదు. ఒంటరివాడికి మాత్రం మిగులుతుంది, అది ఒప్పుకోవాలి.

కానీ కాంట్రాక్టు జీతాన్ని 12 నెలలతో గుణించడమే పెద్ద పొరపాటు. ఇరాక్ దుబాసీల పని 2006 చివర్లో 460 కోట్ల డాలర్ల ఒప్పందంగా వెళ్లింది. 2011లో డీలైట్ అనే గొడుగు కింద 970 కోట్ల డాలర్ల గరిష్ఠ పరిమితితో ఆరు కంపెనీలకు పంచారు. అప్పట్నుంచి ఒక్కో ప్రాంతం పనికి కంపెనీలు మళ్లీ మళ్లీ పోటీపడతాయి. తక్కువ ధర వేసినవాడికి పని దక్కుతుంది. ఆ తగ్గించిన ధర ఎక్కడి నుంచి వస్తుంది? దుబాసీ జీతం నుంచే. పాత కంపెనీ బోర్డు తీసేసిన వారం లోపు కొత్త కంపెనీ అవే మంచాల మీదున్న అవే మనుషులకు కొత్త ఆఫర్ లెటర్లు ఇస్తుంది, 20–30 శాతం తక్కువకు. సంతకం పెట్టడమో, విమానం ఎక్కడమో. 2021 ఆగస్టులో అఫ్గానిస్తాన్ ఖాళీ అయ్యాక దరీ, పష్తో వాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం, భాషకు భాషే గిరాకీ పోయింది. ఎనిమిదో నెలలో పని ఆగితే జీతం ఆగడమే కాదు, 330 రోజులు నిండక పన్ను మినహాయింపు కూడా పోయే ప్రమాదం ఉంది. అప్పుడు వెంటనే అమెరికాకు తిరిగి రాకుండా మిగతా రోజులు ఇండియాలో గడిపి లెక్క నిలబెట్టుకునేవాళ్లు ఉన్నారు. పన్నుల నిపుణుణ్ని అడిగాకే అలా చేయాలి.

దెబ్బ తగిలినప్పుడు రెండు దారులూ పూర్తిగా వేరవుతాయి. సైనికుడికి సర్వీసు వైద్యం, తర్వాత వెటరన్స్ విభాగం, ప్రాణం పోతే కుటుంబానికి 1,00,000 డాలర్ల గ్రాట్యుటీ, 5,00,000 దాకా జీవిత బీమా. కాంట్రాక్టు ఉద్యోగికి 1941 నాటి డిఫెన్స్ బేస్ యాక్ట్ కింద కంపెనీ కొన్న బీమా మాత్రమే. పని చేయలేని కాలానికి సగటు వారపు వేతనంలో మూడింట రెండు వంతులు, పైన ఒక గరిష్ఠ పరిమితి. ప్రైవేటు బీమా కంపెనీ కాబట్టి అడుగడుగునా అభ్యంతరం పెడుతుంది. చెవి దెబ్బతినడం, నడుము నొప్పి, నిద్ర పట్టకపోవడం లాంటివి "తర్వాత చూద్దాం" అని వదిలేస్తే నిలబడవు. 30 రోజుల్లోపు ఎల్‌ఎస్-201 ఫారం మీద రాతపూర్వకంగా తెలియజేయాలి, ఏడాది లోపు ఎల్‌ఎస్-203 మీద క్లెయిమ్ వేయాలి. అక్కడి క్లినిక్‌లో చూపించుకున్న ప్రతి కాగితం ఫొటో తీసి ఇంటికి పంపుకోవాలి, దేశం దాటాక ఆ రికార్డులు దొరకవు.

క్లియరెన్స్ అన్నాను కదా, మనవాళ్లకు ఇది ఎక్కడ ఆగుతుందో చెప్తాను. క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో విదేశీ బంధువులు, విదేశీ ఆస్తులు, విదేశీ ప్రయాణాలు అన్నీ రాయాలి. నాన్నగారు పేరు మీద పెట్టిన ఘట్‌కేసర్ ప్లాటు, అమ్మతో జాయింటుగా ఉన్న బ్యాంకు ఖాతా, ఊళ్లో వాటాకొచ్చిన రెండెకరాలు, నెలనెలా పంపే డబ్బు, అన్నీ. అవి ఉండటం నేరం కాదు, చాలామందికి ఉన్నా క్లియరెన్స్ వచ్చింది. రాయకుండా దాచడం మాత్రం ఫైలును అక్కడికక్కడే చంపేస్తుంది. ఇంకోటి, అమెరికా బయటి ఖాతాల మొత్తం ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) దాఖలు చేసి ఉండాలి. ఇండియాలోని ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో డిపాజిట్ వేసి మర్చిపోయినవాళ్లు ఎస్‌ఎఫ్-86లో ఆ ఖాతా రాయగానే, ఎఫ్‌బార్ ఎందుకు వేయలేదన్న ప్రశ్న వస్తుంది. ముందు పాత ఎఫ్‌బార్లు సరిచేసుకుని, తర్వాతే ఫారం ముట్టుకోవాలి. పౌరసత్వం తర్వాత ఓసీఐ కార్డు తీసుకున్నా ప్రశ్నలు వస్తాయి, ఉన్నది ఉన్నట్టు చెప్తే సరిపోతుంది.

వైద్య పరీక్షల మాట కూడా: కాంట్రాక్టు వైపు అదుపులో లేని షుగర్, బీపీ దగ్గరే చాలా ఆఫర్లు తిరగబడతాయి. 24 ఏళ్ల కుర్రాడికి ఇబ్బంది ఉండకపోవచ్చు గానీ, ఇది చదివే నలభై దాటినవాళ్లు రాజీనామా ఇచ్చే ముందే రక్తపరీక్ష చేయించుకోండి.

ఇప్పుడు వరుస. మీ తమ్ముడు యూనిఫాం వేసుకుంటే, గౌరవప్రదంగా సర్వీసులో ఉన్నట్టు ఎన్-426 ఫారం మీద ధ్రువీకరణ తీసుకుని, ఫీజు లేకుండా ఎన్-400 (పౌరసత్వం దరఖాస్తు) పెట్టుకోవచ్చు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత సర్వీసుకు ఐదేళ్ల నివాసం నిబంధన వర్తించదు. పౌరసత్వం రాగానే క్లియరెన్స్ దారి తెరుచుకుంటుంది. ఒప్పందం ముగిసి బయటికొచ్చాక ఆ క్లియరెన్స్ రెండేళ్లు మళ్లీ మొదటినుంచి దర్యాప్తు లేకుండా పనికొస్తుంది. కాంట్రాక్టు కంపెనీ ఎక్కువ డబ్బు పెట్టేది సరిగ్గా ఇలాంటి మనిషికే. రిజర్వ్‌లో, అంటే ఆర్మీ పార్ట్‌టైమ్ విభాగంలో చేరడం మూడో దారి, డాలస్‌లో ఉద్యోగం వదలకుండా క్లియరెన్స్, భాషా బోనస్ రెండూ సంపాదించుకోవచ్చు. మీ తమ్ముడి పరిస్థితికి నాకు అదే సరైనదనిపిస్తుంది. 20 ఏళ్లు ఉండి మూలవేతనంలో 40 శాతం పింఛను తీసుకునే ఉద్దేశం అతనికి ఉన్నట్టు మీ ప్రశ్నలో లేదు, అది ఉంటే లెక్క వేరు. ఒకటి మర్చిపోవద్దు: ఏ దారిలో చేరినా మొత్తం కట్టుబాటు 8 ఏళ్లు, అందులో క్రియాశీలంగా ఎన్నేళ్లో సంతకం పెట్టే కాగితంలో ఉంటుంది.

సైన్యం వద్దనుకుంటే, తెలుగుకు డబ్బొచ్చేది ఆసుపత్రుల్లో, కోర్టుల్లో, ఫోన్ దుబాసీ కంపెనీల్లో. ఫెడరల్ కోర్టు సర్టిఫికేషన్ పరీక్ష ఇప్పుడు స్పానిష్‌కే ఉంది, తెలుగుకు లేదు. ఆసుపత్రి పనికి 40 గంటల శిక్షణ పూర్తిచేసి కోర్‌సీహెచ్‌ఐ అనే ఆసుపత్రి దుబాసీల సర్టిఫికేషన్ పరీక్ష రాయొచ్చు, ఆ పరీక్ష ఇంగ్లిష్‌లోనే కాబట్టి తెలుగుకు వేరే పరీక్ష లేకపోవడం అడ్డు కాదు. పౌరసత్వం వచ్చాక నేషనల్ లాంగ్వేజ్ సర్వీస్ కోర్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు, వందల భాషల్లో తెలుగు లాంటివీ తీసుకుంటారు. పిలిచినప్పుడు తాత్కాలిక ఫెడరల్ ఉద్యోగిగా జీతం ఇస్తారు, కానీ ఎప్పుడు పిలుస్తారో చెప్పలేం.

కాంట్రాక్టు ఆఫర్ ఎప్పుడొచ్చినా సంతకానికి ముందు ఇవి రాతలో తెప్పించుకోండి: మూలవేతనం ఎంత, భత్యాలు ఎంత శాతం, అవి ఏ రోజుల్లో ఆగుతాయి, శిక్షణ రోజుల రేటు, వారానికి ఎన్ని గంటలు, దాటితే ఏమిస్తారు, డబ్ల్యూ-2నా 1099నా, మధ్యలో తీసేస్తే టికెట్ ఎవరిది, ఏడాది నిండకముందే మానేస్తే శిక్షణ ఖర్చు వెనక్కి అడుగుతారా. బయల్దేరేటప్పుడు ఇచ్చే ఎల్‌ఓఏ అనే అధికార పత్రంలో భోజనం, బస, అత్యవసర వైద్యం, సైనిక విమానం అన్న గడుల్లో ఏవి టిక్ అయ్యాయో చూసుకోండి. టిక్ లేని గడి అంటే అక్కడికి వెళ్లాక సొంత ఖర్చే. రిక్రూటర్ వైపు ఒక్కటే: బోనస్ గానీ, ఉద్యోగ విభాగం గానీ, భాష గానీ ఎన్‌లిస్ట్‌మెంట్ ఒప్పందం అనుబంధంలో అచ్చయి ఉండాలి. అక్కడ లేకపోతే ఆ పూట ప్రమాణం చేయకుండా ఇంటికి వచ్చేయమనండి. ప్రమాణం చేసే దాకా వెనక్కి తిరగొచ్చు.